నంగారా వార్లు

పడమటి ఆఫ్రికా నుంచి వచ్చిన జెంబే డోలు తాళ్లు సడలించడం పూర్తయ్యేసరికి బిక్షం నడుం పట్టేసింది. ఆ పని నేల మీద కూర్చుని చేయాలి. డోలును రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ముడిని వేలి కణుపుతో మెల్లగా నెట్టాలి. గోరు తగిలితే తాడు పోగులు లేస్తాయి. సడలించాక తోలు మీద అరచేయి ఆనించి చూశాడు. కొంచెం కుంగింది.

"చాలు. ఇగ జర ఆరాం జెయ్," అన్నాడు దానితో.

దానికి తెలుగు రాదని ఆయనకు తెలుసు. ఆ హాలులో ఉన్న వాద్యాల్లో సగానికి తెలుగు రాదు. తెలుగు వచ్చిన సగంతో మాట్లాడి మిగతావాటిని పలకరించకపోతే బాగుండదని ఆయన పద్ధతి. మనుషులతో మాత్రం ఇంత మర్యాద ఉండేది కాదు. మ్యూజియం చూడడానికి వచ్చినవాళ్లకు ఆయన నోట ఎక్కువగా వినిపించే మాట "ముట్టుకోవద్దు."

వైశాఖం ఎండలు ముదిరాయి. ఎండిన గాలికి తోలు బిగుసుకుంటుంది. బిగుసుకున్న తోలు పగులుతుంది. అందుకని ఏటా ఈ రోజుల్లో తోలు వాద్యాలన్నిటి కట్లూ సడలించడం, గది మూలల్లో నీళ్లు పోసిన మట్టికుండలు పెట్టడం, వాటి మీద తడిగుడ్డలు కప్పడం బిక్షం పని. ఒకసారి మాత్రం మరిచిపోయాడు. మొగుళ్లపల్లి నుంచి తెచ్చిన ఒగ్గుడోలు ఒకటి మిట్టమధ్యాహ్నం ఎవరూ ముట్టుకోకుండానే తుపాకీ పేలినట్టు పగిలింది. అప్పటి మేనేజరు వచ్చాడు. చిరిగిన తోలును చేతిలోకి తీసుకుని చూసి, దాన్ని మళ్లీ బిక్షం చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎప్పుడు ఎండ చురుక్కుమన్నా బిక్షం వెళ్లి డోళ్ల కట్లు ఒకసారి తడిమి చూసుకునేవాడు.

ఆయన పొట్టిమనిషి. కుడిభుజం కన్నా ఎడమభుజం కాస్త జారి ఉంటుంది. కళ్లజోడు ఒక కాడ విరిగితే దాని బదులు దారం కట్టుకున్నాడు. చేతులకు నూలు తొడుగులు. అవి ఒకప్పుడు తెల్లనివి. ఈ మ్యూజియం అంతకుముందు జిన్నింగు మిల్లు. జనగామలో పత్తి తూకం పడుతున్న రోజుల్లో బిక్షం ఇక్కడే కాంటా దగ్గర ఉండేవాడు. మిల్లు మూతపడ్డాక, ఉద్యోగంలో ఊరూరూ తిరిగి వాద్యాలు పోగుచేసిన ఒక రైల్వే అధికారి రిటైరై వచ్చి ఆ కట్టడం కొన్నాడు. పత్తి బోరాలు పోయాయి, డోళ్లు వచ్చాయి, బిక్షం మాత్రం ఎక్కడికీ పోలేదు. కట్టడంతో పాటు ఆయన్ని కూడా కొన్నారని మిల్లు స్నేహితులు వేళాకోళం చేసేవారు. కిన్నెరను బుర్రల దగ్గర పట్టుకోవాలా, దండి దగ్గర పట్టుకోవాలా, పురుగు పట్టకుండా వేపాకు ఎక్కడ పెట్టాలి, అన్నీ ఆ పెద్దమనిషే నేర్పాడు. ఆయన పోయాక ట్రస్టు ఏర్పడింది. ఇప్పుడు మేనేజరు సురేందర్. మంచివాడే. ఆ రోజు మీటింగు ఉందని పొద్దున్నే హనుమకొండ వెళ్లాడు.

ఇన్నేళ్లలో బిక్షం ఒక్క వాద్యాన్ని కూడా మోగించలేదు. రాజస్థాన్ సారంగి, జావా కంచుగంటలు, కోయవాళ్ల కొమ్ముబూర, బైండ్లవాళ్ల జమిడిక, అన్నిటి దుమ్మూ తుడిచాడు. దేని గొంతు ఎట్లా ఉంటుందో మాత్రం ఆయనకు తెలియదు. తనది కాపలా కాసే ఉద్యోగమని, కాపలా కాసేవాడు దాచినదాన్ని వాడకూడదని ఆయన నమ్మకం. ఈ నమ్మకాన్ని చూసి ఆయన భార్య కనకలక్ష్మి నవ్వేది.

"ఊళ్లున్న డోళ్లన్ని నీ దగ్గర్నే ఉన్నయ్. ఒక్కటన్న ఒక్క దెబ్బ కొట్టంగ ఇనకపోతి," అనేది.

ఆమె కరోనా రెండోసారి వచ్చినప్పుడు పోయింది. దవాఖాన నుంచి సంచిలో కట్టి, అంబులెన్సులో నేరుగా శ్మశానానికి తీసుకుపోయారు. వాళ్ల కులంలో ముసలివాళ్లయినా పడుచువాళ్లయినా డప్పు లేకుండా కాటికి పోరు. ఆ రోజు డప్పు కొట్టేవాళ్లు రాలేదు, వచ్చినా పోలీసులు రానిచ్చేవారు కాదు. గేటు బయట నిలబడ్డ బిక్షంకు కాకుల అరుపు తప్ప ఏమీ వినిపించలేదు. ఒక హాలు నిండా డోళ్లు పెట్టుకుని, భార్యకు ఒక్క దెబ్బ కొట్టించలేకపోయాడు. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. కొడుకు శ్రావణ్ భూపాలపల్లి గనుల్లో కాంట్రాక్టు పని చేస్తాడు, ఆదివారాలు ఫోన్ చేస్తాడు. అతనితో కూడా అనలేదు.

మధ్యాహ్నం అన్నం తిని, చేయి కడుక్కుని వచ్చేసరికి గేటు దగ్గర ఇద్దరు నిలబడి ఉన్నారు. తలకు ఎర్ర రుమాలు చుట్టుకున్న ముసలాయన ఒకరు, ఆయన మోచేయి పట్టుకున్న ఆడపిల్ల ఒకరు. బిక్షం దారం కట్టిన కళ్లజోడు సరిచేసుకుని చూశాడు.

"దస్రన్నా! నువ్వేనా? రా, రా. గింత ఎండల ఎందుకొచ్చినవే?"

దంతాలపల్లి దగ్గరి తండాలో దస్రు పేరు తెలియనివాళ్లు లేరు. తీజ్ పండుగకు ఆడపిల్లలు గోధుమ మొలకల బుట్టల చుట్టూ ఆడుతుంటే నంగారా కొట్టేది ఆయనే. తాత కొట్టిన నంగారా అది, రాగి గిన్నె మీద మేకతోలు, చుట్టూ తోలు వార్లు. చేతులు వణకడం మొదలయ్యాక, తండాలోకి డీజే పెట్టెలు వచ్చాక, ఇంట్లో నేర్చుకునేవాళ్లు లేక, మొన్న శివరాత్రి అయ్యాక ఆయనే దాన్ని బస్సులో తెచ్చి మ్యూజియంకు ఇచ్చాడు. పది మంది చూసేచోట ఉంటుందని మనవరాలు నవ్య ఒప్పించింది. కొట్టే పుల్లలు మాత్రం ఇవ్వలేదు. ఇప్పుడు కూడా అవి ఆయన చేతిసంచిలో నుంచి బయటికి కనిపిస్తున్నాయి.

"దాదా నాలుగు దినాల సంది ఒక్కటే పోరు సార్, నంగార జూస్తనని," అంది నవ్య. మహబూబాబాద్‌లో నర్సింగు చదువుతోంది, సెలవులకు ఇంటికి వచ్చింది. "జూపించుకొస్తే గని అన్నం తినేటట్టు లేడు."

బిక్షంకు సంతోషమయింది. ఇచ్చినవాళ్లు ఇచ్చి వెళ్లిపోతారు, మళ్లీ చూడడానికి వచ్చేవాళ్లు తక్కువ. చల్లని నీళ్లు ఇచ్చి, తనే ముందు నడిచి లోపలికి తీసుకుపోయాడు. అద్దాల పెట్టె ముందు నిలబెట్టి, పెళ్లికొడుకును చూపించినట్టు చేయి చాచాడు.

దస్రు చూశాడు. కాసేపు అట్లాగే చూసి, అద్దం మీద వేలు పెట్టాడు. ముట్టుకోవద్దని బిక్షం అనలేదు.

"వార్లు ఎవలు ఇప్పిండ్రు?"

"నేనే అన్నా. ఇప్పలే, వదులు జేసిన. ఎండకాలం గదా, తోలు పలుగుతది. గీడున్నయన్ని గిట్లనే జేస్త."

ముసలాయన మోకాళ్లు మడిచి నేల మీద కూలబడ్డాడు. పడిపోయాడేమోనని బిక్షం ముందుకు వంగాడు. కాదు, కూర్చున్నాడు. నవ్యతో వాళ్ల భాషలో రెండు మూడు మాటలన్నాడు. ఆ పిల్ల ముఖం మారిపోయింది.

"ఏమంటుండు బిడ్డా?"

"మా ఇంట్ల ఒక పద్దతున్నది సార్," అంది నవ్య తల వంచుకుని. "నంగార వార్లు వదులు జేసేది ఒక్కనాడే. కొట్టేటాయిన సచ్చిపోయిన్నాడు. శవాన్ని లేపే ముంగట ఇంటల్లుడొచ్చి వదులు జేస్తడు. దినాలయినంక ఇంకొకలు కూసొని బిగిస్తరు. మా ముత్తాత అప్పుడు గట్లనే జేసిండ్రట."

"గది నాకు ఎవలు జెప్పిండ్రు?"

"మీరడగలే. మాకు యాదికి రాలే."

ఇచ్చిన రోజున బిక్షం ఏ ఊరు, ఎవరు చేశారు, తోలు ఏ జంతువుది అని అన్నీ అడిగాడు. బతికున్నవాళ్ల డోలు వార్లు సడలించవచ్చా అని అడగాలని ఎవరికి తోస్తుంది?

దస్రు తల ఎత్తాడు. కోపం లేదు ఆ ముఖంలో. అదే బిక్షంకు కష్టంగా అనిపించింది.

"నన్ను సంపి అద్దంల వెట్టినవు తమ్మీ."

"గట్లనకే అన్నా. తెల్వక జేసిన."

"తెల్వకనే. నేనెరుగనా? గని తండాకు ఏం మొకం వెట్టుకొని పోవాలె? పొయ్యి నా మంచంల నేనెట్ల పండాలె? బతికున్నోణ్ని గాకపోతి, సచ్చినోణ్ని గాకపోతి." అద్దాల పెట్టె వైపు చేయి చూపి, "బిగించు. బిగిస్తెనే ఈడికెళ్లి లేస్త," అన్నాడు.

బిక్షం చెప్పి చూశాడు. రెండు నెలలుగా తోలు ఎండిపోయి ఉందన్నాడు. ఈ ఎండలో గుంజితే నడుమ చీలిపోతుందన్నాడు. వానలు పడనియ్యి, గాలి మెత్తబడగానే నేనే బిగించి నీకు ఫోన్ చేస్తానన్నాడు.

"వానలదాంక నేను ఉంట అని రాసిస్తవా?" అన్నాడు దస్రు. "పలిగితే పలగనియ్ తమ్మీ. పలిగినా నాదే గద."

సురేందర్‌కు ఫోన్ చేయాలని జేబులో చేయి పెట్టాడు బిక్షం. చేస్తే ఏమంటాడో తెలుసు. వద్దంటాడు. అట్లా అనడం న్యాయం కూడా. తన ఉద్యోగం మొత్తం ఆ ఒక్క మాట మీదే నడిచింది. ఒగ్గుడోలు పగిలిన చప్పుడు గుర్తుకొచ్చింది. దాని వెనకే కాకుల అరుపు గుర్తుకొచ్చింది. కనకలక్ష్మికి ఏ మర్యాదా దక్కలేదు. ఈ ముసలాయనకు బతికుండగానే చావు మర్యాద జరిగిపోయింది, అదీ తన చేతుల మీదుగా. నేల మీద కూర్చున్న ఆ ఎర్ర రుమాలును చూస్తే ఆయనకు దుఃఖం ముంచుకొచ్చింది. ఫోన్ తీయకుండా జేబులోంచి తాళంచెవి తీశాడు.

పెట్టె తెరిచి నంగారాను ఎత్తుకుని మిల్లు వెనక వేపచెట్టు నీడలోకి తెచ్చాడు. నూలు తొడుగులు తీసి పక్కన పెట్టాడు. తడిగుడ్డతో వార్లను తుడిచి, అవి మెత్తబడేదాకా ఆగాడు. దస్రు చేతులు వణుకుతాయి కాబట్టి ఆయన చెప్పాలి, బిక్షం గుంజాలి, నవ్య గిన్నె కదలకుండా పట్టుకోవాలి.

"ఒక్క దిక్కే గుంజకు. ఇటొకటి గుంజితే దాని ఎదురుంగున్నది గుంజు. ఆఁ. తోలుకు తెల్వద్దు గుంజుతున్నవని."

ఎన్నో ఏళ్లు వదులు చేయడమే ఎరిగిన చేతులు అవి. బిగించడం వేరే పని అని మొదటి తోలువారు లాగినప్పుడే తెలిసింది. రెండు పాదాలూ గిన్నెకు తన్నిపెట్టి, వారును పిడికిలికి చుట్టుకుని, వెనక్కి వాలి లాగాలి. లాగినది జారకుండా ముడి పడేదాకా ఊపిరి బిగబట్టాలి. సగం వార్లు అయ్యేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఎడమభుజం నుంచి మోచేయి దాకా గుంజుకొస్తోంది. కాంటా దగ్గర బోరాలు ఎత్తిన నాటి పాత నొప్పే అనుకున్నాడు. తోలు ఒకచోట టిక్కుమంది. ముగ్గురూ ఊపిరి ఆపారు. ఏమీ కాలేదు.

"సార్, చెమటలు గిట్ల కారుతున్నయేంది?" నవ్య గిన్నె వదిలి ఆయన మణికట్టు పట్టుకుంది. "నాడి సక్కగ కొడ్తలేదు. దవాఖానకు పోదాం. ఆటో పిలుస్త."

"ఎండ బిడ్డా. ఎండకు అందరికి గిట్లనే గొడ్తది. పట్టుకో, పట్టుకో, జారుతది."

"సార్..."

"మీకు తొర్రూరు బస్సున్నది. గది తప్పితే మీ దాదాను యాడ పండవెడ్తవు? అయిపోయింది, ఇంకో రెండే."

అవి రెండు కావు. కానీ ఆ పిల్ల మళ్లీ గిన్నె పట్టుకుంది.

చివరి తోలువారు కూడా ముడి పడ్డాక, బిక్షం పెరట్లో రాలిన తాటాకులు, పత్తికట్టె పోగుచేసి నిప్పు పెట్టాడు. అగ్గిపెట్టె లోపలికి తెచ్చినవాళ్లను గేటు దగ్గరే ఆపే మనిషి ఆయన. ఇప్పుడు తనే నంగారాను మంట సెగకు పట్టుకుని, దస్రు చెప్పినట్టు అటూ ఇటూ తిప్పాడు. తోలు రంగు మారింది. పాతనూనె, పొగ కలిసిన వాసన వచ్చింది.

దస్రు సంచిలోంచి పుల్లలు తీశాడు. వాటిని పట్టుకోగానే చేతులు వణకడం ఆగిపోలేదు. అట్లాంటివి కథల్లో జరుగుతాయి. వణుకుతూనే కొట్టాడు. మొదటి దెబ్బ పక్కకు జారింది. రెండోది తోలు నడుమ పడింది. ఆ చప్పుడు మిల్లు గోడకు తగిలి, రోడ్డు దాకా పోయి వచ్చింది. తర్వాత తీజ్ దరువు ఎత్తుకున్నాడు. అక్కడక్కడా తప్పాడు, తప్పినచోట నవ్య నోటితో దరువు అందించింది. బిక్షం గోడకు ఆనుకుని విన్నాడు. ఇంత పెద్ద గొంతును ఇన్నాళ్లూ అద్దంలో పెట్టి తాళం వేశానా అనుకున్నాడు. ఆయన కళ్లు తడిశాయి. పొగ అనుకుంటారులే అని తుడుచుకోలేదు.

"ఏడేడు ఊళ్లకు ఇనవడ్తది," అన్నాడు దస్రు పుల్లలు సంచిలో పెట్టుకుంటూ. రుమాలు విప్పి మళ్లీ కట్టుకున్నాడు. వచ్చినప్పటికంటే నిటారుగా లేచాడు. "తమ్మీ, ఒక్క మాట. నేను పోయినంక కబురొస్తది. అప్పటిదాంక ఇప్పకు."

"ఇప్ప."

"ఒట్టు?"

"ఒట్టే అన్నా. కుండ పక్కనే వెడ్త, తడి ఆరనియ్య. పలగనియ్య."

నవ్య వెళ్తూ వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగింది. రేపు తప్పకుండా గుండె చూపించుకోండి అంది. బస్సెక్కాక ఫోన్ చేస్తా అంది. బిక్షం సరే సరే అని చేయి ఊపాడు. ముసలాయన గేటు దాటి, రోడ్డు మీద ఎండలోకి అడుగుపెట్టి, ఇంటికి పోతున్న మనిషిలాగా నడిచాడు. ఆ నడక చూస్తే బిక్షంకు ఆకలేసినట్టు, తేలికగా అనిపించింది.

మంట ఆర్పి, బూడిద మీద నీళ్లు చల్లాడు. నంగారాను లోపలికి మోయడానికి రెండుచోట్ల ఆగాల్సి వచ్చింది. పెట్టెలో పెట్టి, దాని పక్కన చిన్న మట్టిముంతలో నీళ్లు పోసి తడిగుడ్డ కప్పాడు. తాళం వేశాడు. సురేందర్ వచ్చాక ఏం చెప్పాలో మనసులో అనుకుని చూసుకున్నాడు. జరిగింది జరిగినట్టే చెప్పాలి, తిడితే పడాలి. ఇంకా ఏదో పని ఉందని అనిపించింది కానీ అది ఏమిటో గుర్తు రాలేదు. ద్వారం పక్కన తను కూర్చునే చెక్క కుర్చీలో కూర్చుని, గోడకు తల ఆనించాడు. తెరిచిన తలుపులోంచి వచ్చే గాలి ఇంకా వేడిగానే ఉంది. కళ్లజోడు తీసి చేతిలో పెట్టుకున్నాడు.

జేబులో ఫోన్ మోగింది. మోగి ఆగిపోయి మళ్లీ మోగింది.

దీపాలు పెట్టే వేళకు సురేందర్ హనుమకొండ నుంచి వచ్చాడు. గేటు తెరిచే ఉంది, లోపల లైటు లేదు. కుర్చీలో బిక్షంను చూసి నిద్రపోతున్నాడనుకుని, పేరు పెట్టి పిలిచాడు. భుజం మీద చేయి వేశాక అర్థమయింది. చాలాసేపు ఆ చేయి అక్కడి నుంచి తీయలేదు.

మర్నాడు పొద్దున శ్రావణ్ వచ్చాడు. ఎండకు శవం ఆగదని, సొంతూరు మొగుళ్లపల్లి దాకా తీసుకుపోకుండా జనగామలోనే చేద్దామన్నారు. అమ్మకు డప్పు లేకుండా పోయిందనే బాధ తనకొక్కడికే ఉందని శ్రావణ్ ఇన్నాళ్లూ అనుకుంటున్నాడు. నాయినతో అంటే ఆయన కుంగిపోతాడని ఎన్నడూ అనలేదు. అందుకే ఇప్పుడు మామూలుగా పిలిచేదానికంటే ఎక్కువమంది డప్పులవాళ్లను పిలిచాడు. డప్పు కొట్టేవాళ్లు ముందు నడిచారు. సురేందర్ అడిగితే పాడెను మ్యూజియం గేటు ముందు దించి, డప్పుల దెబ్బ పెంచారు. మిల్లు రోజుల స్నేహితులు ఇద్దరు ముగ్గురు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు.

ఆ రోజు మ్యూజియం మూసేశారు. లోపల మనుషులెవరూ లేరు. ఒగ్గుడోళ్లు, జమిడికలు, జెంబే, అన్నీ వదులైన తోళ్లతో ఊరికే ఉన్నాయి. అద్దాల పెట్టెలో వార్లు బిగించిన నంగారా ఒక్కటే, వీధిలో పడే ప్రతి దెబ్బకూ సన్నగా అదురుతోంది.